దారిలో ఒక్క ఐదు నిమిషాలు

"తమ్ముడూ, దారిలో ఎక్కడైనా ఒక్క ఐదు నిమిషాలు దింపు. నీకు పుణ్యముంటుంది."

చెవిలో ఆ గొంతు వినగానే క్రిసాంతో తల పట్టుకున్నాడు. అతను కూర్చున్నది ఇలోయిలో అనే ఊళ్ళో, చల్లటి గదిలో, తెరల ముందు. ఆమె కూర్చున్నది నలభై మైళ్ళ అవతల, సముద్రం మీద, పైలట్ లేని కరెంటు విమానంలో. గాయపడ్డ సైనికుల్ని దీవుల నుంచి మోసుకురావడానికి నేవీ చేయించిన యంత్రమది. ప్రయోగం కింద ఆ నెలంతా మామూలు జనాన్ని తిప్పుతున్నారు. ఉన్నది ఒక్కటే సీటు. బరువు తగ్గించాలని లోపల కెమెరా కూడా పెట్టలేదు, మైకు ఒక్కటి బిగించి సరిపెట్టారు. అలాంటివి మూడు ఆ మధ్యాహ్నం క్రిసాంతో ఒక్కడి నెత్తిన ఉన్నాయి.

"ఇది జీపనుకున్నావా అక్కా, కేకేస్తే ఆపడానికి? బాలికన్‌లో లేస్తే తిన్నగా తంబిసాన్‌లో దిగడమే. ఇరవై నిమిషాల్లో మీ ఇంట్లో ఉంటావు."

"తిన్నగా పోకూడదనే కదయ్యా నా ఏడుపు! నేను చావింటి నుంచి వస్తున్నాను."

ఆ మాటతో క్రిసాంతోకి విషయం అర్థమైంది. ఆ దీవుల్లో చావింటి నుంచి ఎవరు మాత్రం తిన్నగా ఇంటికి పోతారు? మధ్యలో ఎక్కడో ఓ చోట ఆగి, పోయినవాళ్ళను అక్కడే దులిపేసుకుని మరీ పోతారు. లేకపోతే వాళ్ళు ఇంటిదాకా వెంట వచ్చేస్తారు. అతని తల్లయితే పక్క వీధిలో శవాన్ని చూసొచ్చినా సరే, బేకరీలో ఓ రొట్టె తిని గానీ సొంత గడప తొక్కదు. పడవలైతే ఏదో ఒక రేవులో ఆగుతాయి. ఈ విమానం మాత్రం గీసిన గీత మీద పోతుంది. దానికి చావు తెలీదు, మైల తెలీదు.

"పోయిందెవరక్కా?"

"మా అక్క, పెర్పె. దానికి పిల్లల్లేరు. నా కూతురు లుమెన్ పుట్టిన దగ్గర్నుంచీ నాకిచ్చెయ్యి, నాకిచ్చెయ్యి అని ఒకటే పోరు. నేనివ్వలేదు. మొన్న ప్రాణం పోయేముందు గుక్కెడు నీళ్ళు కూడా అడగలేదు తమ్ముడూ. 'లుమెన్ని తెచ్చావా?' అంది. అదే ఆఖరి మాట. ఐదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న ఓడ మీద ఉన్నాడు, పక్కింట్లో వదిలి వచ్చాను. ఇప్పుడు మా అక్కను వెంటేసుకుని ఆ పిల్ల దగ్గరికి పొమ్మంటావా?"

"మీ అక్క ఎక్కి ఉంటే సీటు బరువు చెప్పేసేది. యాభై ఆరు చూపిస్తోంది. అదంతా నువ్వే."

"నీకు వేళాకోళంగా ఉంది. పిల్లలుంటే తెలిసేది."

"ఉంది. ఏడు నెలల పాప," అన్నాడు క్రిసాంతో.

"మరి నీ పాప దగ్గరికైతే ఇలా పోతావా?" అంది ఆమె, అంటే అర్సెనియా. ఆ మాటే అతన్ని కుదిపేసింది. బ్యాటరీ చూశాడు. సగం దారిలో లుబాన్ తిప్ప ఉంది. ఇసుక, ఒక పాకా, ఆపదలో దిగడానికి కట్టిన చిన్న గట్టూ తప్ప అక్కడ ఇంకేం లేదు, నరమానవుడు ఉండడు. అక్కడ దిగి లేచినా చార్జింగు సరిపోతుంది.

"గాలి ఎక్కువగా ఉందని రాసుకుంటాలే. నా ఉద్యోగం ఊడితే భోజనానికి మీ ఇంటికే వస్తాను, చెబుతున్నా."

"రోజూ రా నాయనా! చేపల పులుసు పెడతాను."

విమానం తిప్ప మీద వాలింది. తలుపు తెరుచుకోగానే మైకులో అలల హోరు వినిపించింది.

"ఐదంటే ఐదే నిమిషాలక్కా."

"ఆ పాక వెనక్కి వెళ్ళి వచ్చేస్తా. వాళ్ళు కట్టిచ్చిన తిండి పొట్లం కూడా ఇక్కడే పారేస్తాను. ఆ తిండి ఇంటికి తేకూడదు."

అంతలో రెండో విమానం ఎదురుగాలికి ఊగుతోందని గంట మోగింది. క్రిసాంతో అటు తిరిగాడు. దాన్ని కిందికి దింపి మళ్ళీ ఇటు చూసేసరికి తెర మీద లుబాన్‌లోని విమానం తాలూకు పచ్చ దీపం వెలుగుతోంది. సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకుంటే గానీ ఆ దీపం వెలగదు, యంత్రం కదలదు.

"వచ్చేశావా? యాభై మూడు చూపిస్తోంది. మూడు కిలోల పొట్లమా! బాగానే కట్టిచ్చారే."

తలుపు మూసుకున్న చప్పుడైంది.

"దులిపేసుకున్నావా అక్కా?"

"ఊఁ."

పాపం, ఏడుస్తున్నట్టుంది అనుకున్నాడు. తోడబుట్టినదాన్ని అలా నిర్జన దీవిలో వదిలి రావడమంటే మాటలా మరి! "బయల్దేరమంటావా?" అని మెల్లిగా అడిగాడు.

"లుమెన్ దగ్గరికి పోనీ."

మిగతా దారంతా మైకులో చప్పుడు లేదు. మధ్యలో రెండుసార్లు పలకరించాడు గానీ, ఊపిరి కూడా వినబడలేదు. ఆ చల్లటి గదిలో ఎందుకో అతనికి చొక్కా చేతులు కిందికి లాక్కోవాలనిపించింది.

తంబిసాన్ గట్టు కెమెరా దిగినవాళ్ళను వెనకనుంచే చూపిస్తుంది. ఎండకు నల్లగుడ్డ తలమీద కప్పుకున్న మనిషి మెల్లగా దిగింది. కొబ్బరిచెట్ల మధ్యనుంచి ఓ చిన్నపిల్ల చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. రెండడుగుల దూరంలో ఎందుకో టక్కున ఆగింది. ఆమె మోకాళ్ళమీద కూర్చుని చేతులు చాపింది. పిల్ల ఒక్క క్షణం తటపటాయించి, వెళ్ళి ఆ చేతుల్లో ఒదిగిపోయింది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని చెట్లలోకి నడిచిపోయారు.

క్రిసాంతోకి కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం పోతే పోయింది, ఒక తల్లి భయం తీర్చానని అనుకున్నాడు. ఇంటికి వెళ్ళగానే తన పాపను ఎత్తుకోవాలనిపించింది. ఇక ఆ మధ్య మజిలీ గురించి రెండు ముక్కలు రాసి, గట్టు ఖాళీగా ఉందని చూపే ఫోటో ఒకటి జతచెయ్యాలి. అందుకని లుబాన్ కెమెరా తెరిచాడు.

అక్కడ అర్సెనియా ఆకాశంకేసి రెండు చేతులూ ఊపుతూ అరుస్తోంది.