దిద్దిన గీత

కంప్యూటర్ తెర మీద మళ్ళీ వేలిముద్ర పడింది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున్నే శుభ్రంగా తుడుచుకున్న తెర అది.

"వంటింటి కిటికీ ఇంకాస్త కిందికుండాలి తల్లీ," అన్నాడు పెద్దాయన, వేలు తీయకుండానే.

పళ్ళు నూరుకుంటూ కిటికీని కిందికి దించింది. దించకపోతే ఆ వేలు అక్కణ్ణుంచి లేవదు.

ఇంతకీ ఆయనెవరో ఆ చిన్న ఆఫీసులో ఎవరికీ తెలియదు. వారం మొదట్లో వచ్చాడు, ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, అంతే. బాసుగారి చుట్టాలు ఏసీ కోసం వచ్చి కూర్చోవడం మామూలే కాబట్టి, ఈయనా అలాంటివాడే అనుకుని ఆమె ఊరుకుంది. బాసుగారేమో ఆమె తాతగారనుకుని మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు. మీరెవరండీ అని ఒక్కమాట అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?

ఆఫీసులో ఆమెకు చాటుపేరు సీమటపాకాయ. ఆ నోటివల్ల ఇదివరకు రెండుచోట్ల ఉద్యోగం ఊడింది. బాసుగారు ముందే తేల్చి చెప్పాడు. ఈ ఇంటి పని చూసి కస్టమర్ బాగుందంటే ఉద్యోగం ఖాయం. ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆమె దారి ఆమెది.

పని పెద్ద కష్టమైందేమీ కాదు. ఎవరో ఒకావిడ ఒక పాత ఇంటి ప్లాన్‌ని ఫోటో తీసి బాసుగారికి పంపింది. ఆ ఫోటోను సాఫ్ట్‌వేర్‌లోకి దించి, అడుగున పలచగా పరిచి, దాని గీతల మీదే గోడలు దిద్దుకుంటూ పోవాలి. పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దినట్టే. ఆనక గోడలు లేస్తాయి, తలుపులు తెరుచుకుంటాయి, తెర మీదే ఆ ఇంట్లో గది గదికీ నడవొచ్చు. ఇల్లు ఎలా ఉండేదో అలాగే రావాలట, అదీ శనివారానికల్లా.

హాలు దగ్గరకొచ్చేసరికి పెద్దాయన వేలు మళ్ళీ లేచింది.

ప్లాన్‌లో వంటింటి గోడకు సరిగ్గా కొనసాగింపుగా, హాలు నడిమధ్య నుంచి ఒక నల్లటి గీత పోతోంది. ఆమె అప్పటికే దాని మీద గోడ దిద్దేసింది.

"ఇక్కడ గోడ లేదు తల్లీ. అది గీత కాదు, మడత. ఆ కాగితం నేను..."

ఇక ఆమె వల్ల కాలేదు.

"చూడండి పెద్దాయనా. ప్లాన్‌లో గీతుంది, గోడ పెట్టాను. దిద్దడం నా పని, సరిదిద్దడం కాదు. మీ మాట విని గోడ తీసేస్తే, రేపు కస్టమరొచ్చి గోడేదని అడిగితే, నా ఉద్యోగం పోతుంది. మీరిస్తారా ఉద్యోగం?"

ఆఫీసంతా తలలు దించుకుంది. సీమటపాకాయ అంటుకున్నాక దగ్గరికెళ్ళే మొనగాడు అక్కడెవరూ లేడు.

పెద్దాయన వేలు గాల్లోనే ఆగిపోయింది.

"నిజంగానే పోతుందా తల్లీ?" అన్నాడు.

"ఒక్క ఫిర్యాదు చాలు."

ఆయన లేచాడు. చొక్కా అంచుతో తెర మీది మరక తుడిచాడు. కుర్చీని గోడవార పెట్టి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకుంది ఆమె. గోడకు రంగు కూడా వేసింది.

అన్న మాట ప్రకారం శనివారం మోడల్ వెళ్ళిపోయింది. సోమవారం బాసుగారు ఆమెను లోపలికి పిలిచాడు. మొహం చాటంత చేసుకుని ఉన్నాడు. ఆ ఇంటి యజమాని స్వయంగా ఫోన్ చేశాడట. పనిలో వంక పెట్టడానికి లేదన్నాడట. అలాంటి అమ్మాయిని వదులుకోవద్దని మరీ మరీ చెప్పాడట. ఉద్యోగం ఖాయమైంది.

ఆ రోజంతా ఆమెకు ఎవరి మీదా కోపం రాలేదు. మనిషంటే ఇలా ఉండాలి అనుకుంది. పనివిలువ తెలిసిన మనిషి. ప్రతిదాంట్లోనూ వేలు పెట్టేవాళ్ళకు ఆ బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది?

సాయంత్రం ఫోన్ మోగింది. ప్లాన్ పంపినావిడ. హాల్లో గోడ తీసేసి ఇంకోసారి పంపగలరా అని అడిగింది.

ఆమెకు మళ్ళీ చిర్రెత్తింది. గోడ ప్లాన్‌లోనే ఉందనీ, పైగా యజమానిగారే బాగుందన్నారనీ ఖరాఖండిగా చెప్పింది.

"నాన్న అలాగే అంటారు లెండి," అంది అవతలావిడ. గొంతులో ఏడుపో కోపమో తెలియడం లేదు.

ఆ ఇల్లు రోడ్డు కింద పోయిందట. అమ్మకు మతిమరుపు. కన్నబిడ్డనే గుర్తుపట్టదు గానీ, సాయంత్రమైతే చాలు, సంచి సర్దుకుని ఇంటికి తీసుకెళ్ళమని ఏడుస్తుందట. తెర మీదైనా తీసుకెళ్దామన్నది నాన్న ఆలోచన.

"నిన్న చూపించామండీ. వంటింటి కిటికీ చూసి నవ్వింది, నెలల తర్వాత. హాల్లోకి రాగానే గోడ అడ్డమొచ్చింది. ఇది మనిల్లు కాదు, ఎవరింటికో తెచ్చావని నాన్న చెయ్యి విదిలించేసింది. ఇప్పుడు తెర వైపే చూడ్డం లేదు. గోడ తీసినా చూస్తుందో లేదో."

ఆమె చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. ఒక్క మీట నొక్కితే గోడ మాయమైంది. హాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా విశాలంగా కనిపించింది.

"నాన్నను కడిగిపారేశాను. ఆ ప్లాన్ మడిచి జేబులో పెట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగింది ఆయనే. అయినా చెప్పడం మర్చిపోయానంటారు," అంటోంది ఆవిడ. "వారమంతా మీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారట కదండీ, అది మడతని మీకు ఒక్కసారైనా చెప్పలేదా?"