రింగులో ఇద్దరూ ఒకటే

"నన్నొదిలెయ్యున్రి. ఇంకెవరినన్న చూస్కోన్రి," అన్నాడు గోవర్ధన్.

చిక్కడపల్లి వ్యాయామశాలలో ఆ సాయంత్రం బాక్సింగ్ ఫైనల్. గెలిచినవాడు రాష్ట్ర జట్టుకు వెళ్తాడు. రావలసిన రెఫరీ జ్వరంతో రాలేదు. అతని బదులు రింగులో నిలబడమన్న నిర్వాహకులు గోవర్ధన్ మాట వినలేదు.

"నీ అంత నిక్కచ్చి మనిషి హైదరాబాదుల ఎవడున్నడే అన్నా?"

అశోక్‌నగర్ కుర్రాడు నవీన్‌కు కోచ్ అయిన దాసయ్య మాత్రం నవ్వాడు. "జర న్యాయంగ చూడు గోవర్ధన్."

ఆ నవ్వు ముల్లులా దిగింది.

"రింగుల నాకు ఇద్దరూ ఒకటే," అన్నాడు గోవర్ధన్.

గంట మోగింది. నవీన్ ప్రత్యర్థి హర్ష మొదటి రౌండంతా మెరుపులా ఆడాడు. అతని గుద్దు నవీన్ పొట్టలో తగిలితే, నడుము కింద కొట్టావంటూ గోవర్ధన్ హెచ్చరించాడు. దెబ్బ పైనే పడిందని చూసినవాళ్లందరికీ తెలుసు. ఈలలు, కేకలు.

రెండో రౌండులో నవీన్ తల బలంగా తగిలి హర్ష కనుబొమ్మ చీలింది. గోవర్ధన్ చూడనట్టే ఊరుకున్నాడు. నెత్తురు కంట్లోకి కారుతుంటే హర్షకు దెబ్బ ఎటునుంచి వస్తోందో తెలియలేదు. దవడ మీద పడింది. పక్కటెముకల మీద పడింది. తాళ్ల మీదికి వాలిపోయాడు.

"ఆపు! పోరడు సస్తడు!" జనంలోంచి ఎవరో అరిచారు. "వానిమీద ఏం పగనే నీకు?"

హర్ష కోచ్ పీరయ్య, ఓటమి ఒప్పుకుంటూ రింగులోకి టవల్ విసిరాడు. గోవర్ధన్ దాన్ని కాలితో బయటికి తన్నాడు.

చివరికి నవీనే చేతులు దించేశాడు. "సార్, ఇగ నేను కొట్ట. వానికి సోయి లేదు."

గోవర్ధన్ దాసయ్య వైపు చూశాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడనిపించింది. నిజానికి దాసయ్య రెండు చేతులూ ఊపుతూ ఆపమని మొత్తుకుంటున్నాడు.

"కొట్టు! లేకుంటె నువ్వే ఓడినట్టు!"

నవీన్ కళ్లు మూసుకుని కొట్టాడు. హర్ష వెల్లకిలా పడ్డాడు. తల నేలకు తగిలిన చప్పుడు చివరి వరుస దాకా వినిపించింది. మళ్లీ లేవలేదు.

ఆటోలో నారాయణగూడ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆపరేషన్ గది తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చింది.

"తలల రక్తం గడ్డకట్టింది. ఇప్పుడే కొయ్యాలె. సంతకం పెట్టనీకి వాళ్లింటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

నెత్తురు మరకల తెల్లచొక్కాతో గోవర్ధన్ ముందుకొచ్చి, "నేనేనమ్మా, వాని నాయినను," అన్నాడు.