బురద కోటింగు

"ఏ మన్ను కొట్టమంటారు సార్?" అని అడిగాడు వీరభద్రం.

ఒకప్పుడతను బళ్లు కడిగేవాడు. ఊరంతా స్క్రాంబ్లర్ బైకులే అయ్యాక కడిగించుకునేవాళ్లు పోయి, బురద కొట్టించుకునేవాళ్లు తయారయ్యారు. ఆ బళ్లకు కొండలెక్కే వేషం, రెండు సిలిండర్ల గర్జన, మొరటు టైర్లు. తిరిగేది మాత్రం ఇంటికీ ఆఫీసుకీ మధ్య, అద్దంలాంటి రోడ్డు మీద.

"అరకు ఎర్రమన్ను. పోయినసారి కొట్టింది నాలుగు చినుకులకే కారిపోయింది," అని విసుక్కున్నాడు శశికిరణ్.

వీరభద్రం పిచికారీ చేసి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాడు. శశికిరణ్ బండెక్కి ఫొటో దిగి, గర్జిస్తూ బయల్దేరి, గేటు దగ్గరే ఆగిపోయాడు. నీళ్ల పైపు పగిలి, ఎదురుగా బారెడు మేర అసలైన బురద.

"అయ్యో, బండి పాడైపోదూ! ఎక్కడైనా చెక్క దొరికితే తెచ్చి వెయ్యి భద్రం!"

వీరభద్రం తన సైకిలెక్కి, చెక్క కోసం ఆ బురదలోంచే వెళ్లాడు.