సొంత పని మీద

"ఆ రోజు బండి కిరాయికి పోయిందా, సొంత పని మీదనా?"

బీమా సర్వేయరు ఫారం మీద నుంచి తలెత్తకుండానే అడిగాడు. ఫారంలో అది ఏడో ప్రశ్న. సాముయేలుకు మాత్రం అదే అసలు ప్రశ్న.

చేవెళ్లలోని అతని ఇంటి ముందు పాత అంబాసిడర్ ముందద్దం లేకుండా నిలబడి ఉంది. తెలంగాణ కావాలని ఊళ్లన్నీ అట్టుడుకుతున్న రోజులవి. మొన్నటి బంద్‌లో బస్సులు ఆగిపోతే, పట్నంలో చిక్కుకున్న తమ ఊరి ప్రేమదాసును, ఇంకో ఇద్దరిని సాముయేలు కిరాయికి ఎక్కించుకున్నాడు. మొయినాబాద్ దాటుతుండగా ఎక్కడి నుంచో రాళ్లు వచ్చి పడ్డాయి. మనుషులు బతికారు, బండి మూలపడింది.

ఇరవయ్యేళ్లు ఒక దొర దగ్గర డ్రైవరీ చేసి కొనుక్కున్న కారు. ఇల్లు గడిచేది దాని మీదే. బీమాలో కిరాయి బండికి ఒక రేటు, సొంత బండికి ఒక రేటు. తక్కువ పడుతుందని సొంత వాడకమనే రాయమని కూతురికి చెప్పాడు. ఇంట్లో ఇంగ్లీషు కాగితాలన్నీ మెట్రిక్ పాసైన ప్రేమమ్మే నింపుతుంది. తీరా కట్టే సొమ్ము విన్నాక అతని ప్రాణం ఉసూరుమంది. సొంత బండికే ఇంత గుంజితే కిరాయి బండివాళ్లు ఎట్లా బతుకుతారో అని వారం రోజులు సణిగాడు. ధరలు పెరిగాయని ప్రేమమ్మే సర్దిచెప్పింది.

ఇప్పుడు నిజం చెబితే పైసా రాదు. సొంత పనంటే, బండిలో ఉన్న ప్రేమదాసు నీకేమవుతాడని అడుగుతారు. చుట్టమా, పక్కమా? సాముయేలు ఇంటి గుమ్మం వైపు చూశాడు.

మంచినీళ్ల చెంబుతో బయటికొచ్చిన ప్రేమమ్మ తండ్రి ముఖం చూసింది.

"సొంత పనే సార్. ప్రేమదాసు మామోళ్లతోని మాకు వియ్యం కలుస్తున్నది. ఆ మాటల మీదనే పోయొస్తున్నరు."

ప్రేమదాసు కొడుకు యోసేపు చదువు పక్కన పెట్టి ఉద్యమంలో తిరిగి, పది రోజులు జైల్లో ఉండి వచ్చాడు. అలాంటివాడికి పిల్లనివ్వనని సాముయేలు రెండుసార్లు ప్రేమదాసు ముఖం మీదే చెప్పాడు. కానీ ఇప్పుడు కాదనడానికి నోరేది?

"అవును సార్" అన్నాడు.

సర్వేయరు రాసుకుని, ఊళ్లో పెద్దమనిషి సంతకం ఒకటి కావాలన్నాడు. ప్రేమమ్మ పరుగున పోయి పాస్టరుగారిని పిలుచుకొచ్చింది. ఆయన సంబరంగా సంతకం పెట్టడమే కాదు, ఆదివారం ఆరాధనలో ఆ శుభవార్త సంఘమంతటికీ చాటేశాడు. ప్రేమదాసు లేచొచ్చి కావలించుకున్నాడు. అబద్ధమని అందామంటే పాస్టరు సంతకం అబద్ధమవుతుంది, బీమా సొమ్ము పోతుంది. ఊరుకుంటే పిల్ల పోతుంది. సాముయేలు తానూ ప్రేమదాసును కావలించుకున్నాడు.

ఇంటికొచ్చి భార్య సారమ్మ దగ్గర గోడుగోడున ఏడ్చాడు. ప్రేమమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నా ఫికర్ చెయ్యకు బాపు. బండి లేకుంటే నువ్వెట్ల బతుకుతవ్? నీ మాట పోవద్దు. నేను చేసుకుంట."

తన కోసం బిడ్డ గొంతు కోసుకుంటోందని సాముయేలు ఇంకా ఏడ్చాడు.

నెల తిరక్కుండా ప్రధానం జరిగింది. పాస్టరు ప్రార్థన చేశాడు, పిల్లలిద్దరూ ఉంగరాలు మార్చుకున్నారు. విందు జరుగుతుండగా సర్వేయరు వచ్చాడు. సొమ్ము మంజూరైందట, సంతకం కావాలట. సాముయేలు కలం పట్టుకుని మళ్లీ కింద పెట్టేశాడు. బిడ్డను బలిపెట్టి తెచ్చుకున్న సొమ్ము అనిపించింది. సర్వేయరును పక్కకు తీసుకుపోయాడు.

"సార్, అబద్ధం చెప్పిన. ఆ రోజు బండి కిరాయికే పోయింది. సొమ్మొద్దు, ఏమొద్దు. నా బిడ్డ ఉసురు నాకొద్దు."

సర్వేయరు అతన్ని వింతగా చూశాడు. అయితే ఏమైందన్నాడు. సంచిలోంచి బీమా కట్టినప్పటి దరఖాస్తు తీసి, బండి వాడకం అన్న చోట వేలు పెట్టి చదివి వినిపించాడు.

ప్రేమమ్మ అక్కడ 'కిరాయికి' అని రాసింది.