ఆ ఫౌల్ ఎవరిది?

“ఫౌల్ చేసింది నువ్వేనని ఆ కెమెరాలోకి చూసి చెప్పరా, చాలు!” అన్నాడు వెర్లిన్.

చక్రాల కుర్చీలో కూర్చున్న డెల్మర్ అతన్ని ఎగాదిగా చూశాడు. “నువ్వెవరు? మధ్యాహ్నం మాత్రలిచ్చేవాడివా?”

“మాత్రలిచ్చేవాణ్ణా! నీతో ఒకే జట్టులో ఆడినవాణ్ణిరా!”

కెమెరా వెనక నిలబడ్డ టెస్సా ఇబ్బందిగా కదిలింది. ఆమె వాళ్ళు ఒకప్పుడు ఆడిన కాలేజీలోనే విద్యార్థిని. శనివారం బాస్కెట్‌బాల్ ఆట విరామంలో పాత జట్టుకు సన్మానం. అప్పుడు పెద్ద తెర మీద వేయడానికి ఆనాటి ఆటగాళ్ళ మాటలు రికార్డు చేస్తోంది. అందుకే వెర్లిన్ ఆమెను వెంటబెట్టుకుని ఈ వృద్ధాశ్రమానికి వచ్చాడు.

“పోనీ వదిలేద్దాం సార్. ఈయనకు ఈరోజు అంత బాగున్నట్టు లేదు. ఎక్కువసేపు విసిగించొద్దని నర్సు కూడా చెప్పింది” అంది.

“ఈయనకు బాగుండే రోజు వచ్చేదాకా నేనుండాలి కదమ్మా!”

“ఇంతకీ ఏమిటి సార్ గొడవ? ఆ ఫౌల్ మీదేనని మా కాలేజీ క్విజ్‌లో కూడా ఉందే!”

“చూశావా? నువ్వు పుట్టకముందే నా పేరు నీకు జవాబైపోయింది.”

ఇండియానాలోని ఆ చిన్న ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. 1973లో చుట్టుపక్కల కాలేజీల కాన్ఫరెన్స్ పోటీ ఫైనల్‌ను చేజేతులా పోగొట్టిన మొనగాడెవరు? వెర్లిన్ స్టట్స్‌మన్, ముప్ఫై నాలుగో నంబరు. హోటల్లో పళ్ళెం కింద వేసే కాగితం మీద కూడా ఆ ప్రశ్న అచ్చు వేశారు. మొన్న అతని మనవరాలు అది చదివి, కింద తలకిందులుగా ఉన్న జవాబు చూసి, పాన్‌కేక్ పక్కకు నెట్టేసింది.

వెర్లిన్ టెస్సా ముందు వేళ్ళు చాపాడు. “మా రోజుల్లో కాలేజీ జెర్సీల మీద ఐదుకు మించిన అంకె ఉండేది కాదు తల్లీ. ఫౌల్ ఎవరిదో రిఫరీ వేళ్ళతో చూపించాలి, చేతికున్నవి ఐదే వేళ్ళు. ముందు ఒక అంకె, ఆ తర్వాత రెండోది చూపాలి. ఆ రోజు గోలలో ఆయన రెండు చేతులూ ఒకేసారి ఎత్తేశాడు. ఎడమచేత్తో నాలుగు, కుడిచేత్తో మూడు. ఆయన చూపించింది నలభై మూడు, అంటే వీణ్ణి! ఎదురుగా కూర్చుని స్కోరు రాసేవాడికి తిరగబడి ముప్ఫై నాలుగులా కనిపించింది. అంటే నేను! ఫౌల్‌కు ఇచ్చిన రెండు ఫ్రీ త్రోలూ అవతలివాడు బుట్టలో వేశాడు. ఒక్క పాయింటుతో పోయాం.”

“మరి ఈయన అప్పుడే చెప్పలేదా?”

“నోరు విప్పితే గదా! పైగా తర్వాత కోచ్ అయ్యాడు. వీడి నంబరున్న జెర్సీని గౌరవంగా ఆటలు జరిగే జిమ్ కప్పుకు వేలాడదీశారు. నేను మంగలి షాపుకెళ్తే, ‘చేతులు దగ్గర పెట్టుకో వెర్లిన్, పక్కవాడికి తగిలేను’ అంటారు.”

డెల్మర్ కిసుక్కున నవ్వాడు. “బాగా అన్నారు.”

వెర్లిన్‌కు ఒళ్ళు మండిపోయింది. సంచిలోంచి పాత బంతి తీసి డెల్మర్ ఒళ్ళో పడేశాడు. అతని మణికట్టు దొరకబుచ్చుకుని అరచేతిని బంతికేసి అదిమాడు. కాగితంలా పలచబడ్డ చర్మం కింద నల్లగా కమిలింది.

“సార్! ఆయనకు నొప్పి పుడుతుంది!”

“పుట్టనీ. ఒరేయ్ డెల్మర్, ఆఖరి క్షణం. అవతలివాడు బంతితో బుట్ట కిందికి దూకాడు. వాణ్ణి వెనకనుంచి పట్టుకుందెవరు?”

డెల్మర్ వేళ్ళు బంతి మీది గీతల వెంట నెమ్మదిగా కదిలాయి. మసకబారిన కళ్ళు ఎక్కడికో వెళ్ళి ఆగాయి.

“ఎర్రజుట్టువాడు” అన్నాడు.

వెర్లిన్ గబగబా తలూపాడు. అవును, ఎర్రజుట్టువాడే.

“నన్ను దాటేశాడు. వాడి మోచెయ్యి అందింది. పట్టుకుని లాగేశాను. చెయ్యంతా వాడి చెమట.”

“ఎవరు లాగారు? గట్టిగా చెప్పు!”

“నేనే. ఇంకెవరూ కాదు, నేనే లాగాను.” డెల్మర్ తల దించుకున్నాడు. “అప్పుడే ఒప్పుకోవాల్సింది. ఇన్నేళ్ళూ కాదు కాదంటూ బతికాను. సిగ్గులేని బతుకు.”

వెర్లిన్ మోకాళ్ళ మీద కూలబడి అతని కమిలిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎన్ని తిట్లు దాచిపెట్టుకున్నాడో, ఒక్కటీ బయటికి రాలేదు.

“పోనీలేరా. అయిపోయింది. నా మీద నుంచి బరువు దింపావు” అన్నాడు చివరికి. తర్వాత వెనక్కి తిరిగి ఆత్రంగా అడిగాడు. “పడిందా అమ్మాయ్? మొత్తం పడిందా?”

“ప్రతి మాటా పడింది సార్” అంది టెస్సా, కళ్ళు తుడుచుకుంటూ.

శనివారం మనవరాలిని ముందు వరసలోనే కూర్చోబెట్టాలనుకున్నాడు వెర్లిన్. తెర మీద డెల్మర్ ముఖం కనిపించగానే జిమ్ మొత్తం ఎలా నోరు వెళ్ళబెడుతుందో అప్పుడే చూస్తున్నాడు.

“అయ్యో, ఒక్కటి మిగిలింది సార్. మొదట్లోనే అడగాల్సింది, మర్చిపోయాను.” టెస్సా కుర్చీ వైపు వంగింది. “మాట్లాడేది ఎవరో వాళ్ళ నోటితోనే చెప్పాలి. లేకపోతే మావాళ్ళు తెర మీద వెయ్యరు. మీ పేరూ, జెర్సీ నంబరూ చెప్పండి.”

డెల్మర్ కాలరు సర్దుకున్నాడు. నడుం నిటారుగా నిలిపి, కెమెరాలోకి సూటిగా చూశాడు.

“వెర్లిన్ స్టట్స్‌మన్. ముప్ఫై నాలుగు.”