ఆగి పడే దెబ్బ

జూన్ పద్నాలుగున పరిశోధకురాలు పొద్దుట్నుంచీ తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, అవీ నిలబడే.

పన్నెండు దరువులు వినిపించి, ‘కాలు కదపాలనిపించిందా?’ అని పదికి మార్కులు వేయించడం ఆమె పని. ముప్పై తొమ్మిది మంది విన్నారు. పాత టేపులోంచి తీసిన ఏడో దరువు మీదే ఆమెకు ఆశ. దానికి ఎవరూ రెండు దాటలేదు.

నలభయ్యో మనిషిగా ఒక ముసలావిడ కుడికాలు ఈడుస్తూ వచ్చింది. పేర్లు అడగకూడదని నిబంధన, నంబరే.

“వాయించడం వచ్చా, మామ్మగారూ?”

“ఒక్క ముక్క రాదు.”

మొదటి ఆరు దరువులకీ చకచకా మార్కులు వేసింది. ఏడోది వినగానే చెవుల మీది హెడ్‌ఫోన్స్ తీసేసింది.

“దీనికి సున్నా.”

“ఒకటి నుంచే ఉందండీ.”

“అయితే గడి కొత్తది గీయి. మూడో దెబ్బ ఆగి పడాలి. ఏదీ ఆ ఆగడం?”

“వాయించినాయన తప్పది. కంప్యూటర్లో నేనే సరిచేశాను.”

“ఎవర్నడిగి?”

“రేపే గడువు, మామ్మగారూ. ఏదో ఒకటి వెయ్యండి, మీకు పుణ్యముంటుంది.”

“అబద్ధం రాస్తే పుణ్యమేమిటే పిల్లా!”

పరిశోధకురాలికి ఒళ్లు మండింది. కాగితం అడ్డంగా కొట్టేసింది. “ఇక వెళ్లండి.”

ముసలావిడ లేచింది. “నా నంబరు తీసెయ్. ఆ ఆగడం మాత్రం తియ్యకు.”

ఆవిడ వెళ్లాక, తన మాటే నిజమని తేల్చుకోవడానికి, పరిశోధకురాలు అసలు టేపు పెట్టింది.

మూడో దెబ్బ ఆగి పడింది. బల్ల కింద ఆమె పాదం దానంతటదే కదిలింది.

వెంటనే ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది. “సరిచేసినవన్నీ తీసేస్తున్నానండీ. మళ్లీ మొదట్నుంచి.”

“మతి పోయిందా? గడువు రేపు!”

“దాటితే దాటనివ్వండి. చచ్చిన దరువు పంపను.”

టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంతవరకు ఆమె ఎప్పుడూ చివరిదాకా వినలేదు. దరువు ఆగి, రికార్డు చేసినాయన గొంతు వినిపించింది.

“మూడో దెబ్బ ఆలస్యమవుతోంది. మళ్లీ వాయిస్తారా?”

“ఎన్నిసార్లయినా ఇంతేనయ్యా,” నవ్వాడు వాయించినాయన. “ఆడేది మా ఆవిడ. ఆవిడ కుడికాలు నేలకి ఆనేదాకా నా చెయ్యి దిగదు.”

పరిశోధకురాలు వరండాలోకి పరుగెత్తింది. మెట్ల చివరిదాకా ఎవరూ లేరు.

చీకటి పడేవరకు అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి, తలుపు చివరి అంగుళం దగ్గర ఒక్క క్షణం ఆగి, అప్పుడు మెల్లగా మూసింది.