సముద్రం కనిపించే రోలర్ కోస్టర్

“కొండల నగరంలోని రోలర్ కోస్టర్ అన్నిటికన్నా ఎత్తైనదట. పైకి చేరాక ఒక్క క్షణం ఆగుతుందట. కింద మబ్బు, పైన మబ్బు, మధ్యలో మనం,” అన్నాడు తండ్రి, చేతులకు అంటిన గ్రీజును సబ్బుతో రుద్దుకుంటూ.

కూతురు కంచంలోంచి తల ఎత్తలేదు. “ఓడల నగరంలోది సముద్రం ఒడ్డునే ఉంది నాన్నా. పైనుంచి ఓడలు కనిపిస్తాయి.”

“ఓడలు చూడ్డానికి రోలర్ కోస్టర్ ఎందుకే? ఒడ్డున కూర్చుంటే చాలదూ?”

“పైనుంచి చూస్తే వేరు.”

అతను లిఫ్టు మెకానిక్. పెళ్లికి ముందు నుంచీ అదే పని. పెద్ద పెద్ద మేడల లోపల, ఇనుప తాళ్లు వేలాడే చీకటి బావుల్లో పైకీ కిందికీ తిరుగుతాడు. ఎన్ని అంతస్తులు ఎక్కినా ఏనాడూ ఆకాశం కనిపించింది లేదు. అందుకేనేమో, ఎప్పుడూ ఎక్కని రోలర్ కోస్టర్ అంటే అతనికంత పిచ్చి.

ఆ పిచ్చి ఇంట్లోకి వచ్చి మాత్రం రెండేళ్లే అయింది. భోజనాల బల్ల దగ్గర భార్య కుర్చీ ఖాళీ అయ్యాక, అన్నం తినేటప్పుడు తండ్రీకూతుళ్ల మధ్య మాటలుండేవి కావు. గోడ గడియారం చప్పుడు వినలేక, ఒకరోజు అతనే ఫోన్‌లో రోలర్ కోస్టర్ వీడియో తీసి చూపించాడు. పిల్ల నవ్వింది. మర్నాడు ఇంకోటి చూపించాడు.

తర్వాత అదొక ఆట అయింది. సాయంత్రం బాల్కనీలో రెండు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసుకునేవారు. ఇద్దరూ కళ్లు మూసుకునేవారు. పిల్ల నోటితో, బండిని పైకి లాగే గొలుసు చప్పుడు చేసేది, టక్, టక్, టక్ అంటూ. కుర్చీలు మెల్లగా పైకి లేస్తున్నట్టే ఉండేది. వీధిలో అమ్ముకునేవాళ్ల కేకలు, స్కూటర్ల మోత, ఎదురింటి కుక్క అరుపు ఒక్కొక్కటే కిందికి జారిపోయేవి. చివరికి తీగ మీద ఆరేసిన దుప్పటి గాలికి వచ్చి మొహానికి తగిలేది. అదే మబ్బు.

“చేతులెత్తు నాన్నా, పడిపోతున్నాం.”

చేతులెత్తేవాడు. కడుపులో చల్లగా ఏదో జారేది. కళ్లు తెరిచాక కూడా కాసేపు నేల అందేది కాదు.

“పైప్రాణాలు పైనే పోయాయే,” అనేవాడు. ఆమె పడీపడీ నవ్వేది.

ఈ సెలవుల్లో నిజంగానే తీసుకెళ్తానన్నాడు. పేచీ అంతా ఏ ఊరికన్నదే.

“ఓడల నగరంలోది ముసలిదన్నా. కదిలితే కీచుమంటుందట. ఎత్తు కూడా సగమే,” అన్నాడు అతనితో పనిచేసే పొడుగాయన, లిఫ్టు పెట్టె కప్పు మీద కూర్చుని నట్లు బిగిస్తూ. “ఇన్నాళ్లూ కలగన్నావు. తీరా నోటిదాకా వచ్చిన ముద్ద వదులుకుంటావా?”

“పిల్ల అదే కావాలంటోంది.”

“పిల్లలు అంటారు. నువ్వు గట్టిగా చెప్పాలి.”

“చెప్పి చూశాను.”

“ఏమంటుంది?”

“సముద్రపు గాలి అంటుంది.”

ఆ సాయంత్రం మళ్లీ చెప్పి చూశాడు. “కొండల మీద చల్లగా ఉంటుందే. పొద్దున్నే కిటికీ తీస్తే పొగమంచు గదిలోకి వస్తుందట.”

“నాకు చలి పడదు నాన్నా.”

చలికాలంలో కూడా కిటికీ బార్లా తీసుకుని పడుకునే పిల్ల. అతను కాసేపు ఆమెనే చూశాడు.

“నిజంగా అక్కడికే వెళ్లాలనుందా?”

ఆమె గోరుతో బల్ల అంచు గీకింది. “నీకు కోపం రాదుగా?”

“రోలర్ కోస్టర్ దగ్గర కోపమేంటే పిచ్చిదానా. సరే, ఓడల నగరమే.”

ఆమె లేచి వచ్చి తండ్రిని వాటేసుకుంది. పదమూడో ఏడు వచ్చాక అలా చేయడం మానేసింది. ఎంతసేపటికీ వదల్లేదు. గ్రీజు వాసన వేసే చొక్కా భుజం దగ్గర తడిసింది.

“ఇంత సంతోషమా?” అన్నాడు.

ప్రయాణం ముందురోజు పెట్టె మూత పడలేదు.

“మూడు రోజులకి ఇంత సామానా? కాపురానికి వెళ్తున్నట్టు సర్దావే.”

“అక్కడ ఏం అవసరమొస్తాయో తెలీదు కదా.”

అతను పెట్టె తెరిచాడు. గౌన్ల అడుగున స్వెట్టరుంది. దాని కింద బడికి వేసుకెళ్లే బూట్లున్నాయి. ఒక్కొక్కటే బయటికి తీశాడు. గౌన్ల మడతలు సరిచేశాడు. బూట్లలో మేజోళ్లు కుక్కాడు. అన్నీ మళ్లీ పొందిగ్గా పేర్చాడు. తర్వాత అలమారలోంచి రెయిన్‌కోటు తెచ్చి పైన పెట్టాడు.

“ఇది మర్చిపోయావు.”

“ఇప్పుడు ఎండాకాలం కదా నాన్నా.”

“సముద్రపు ఊరు. వానలు మొదలైతే గట్టిగా పడతాయట.”

ఆమె తండ్రి మొహంలోకి చూసి, తల దించుకుంది. ఇద్దరూ పెట్టె మీద కూర్చుని మూత వేశారు.

మర్నాడు స్టేషన్‌లో అతను టికెట్ల వరసలో నిలబడ్డాడు. దూరంగా కూతురు పెట్టె మీద కూర్చుని, మొహం పైకెత్తి కళ్లు మూసుకుంది. పైకప్పు కంతల్లోంచి ఎండ ఆమె మీద పడుతోంది. పెదవులు కదులుతున్నాయి. టక్, టక్, టక్.

“ఎక్కడికండీ?” అడిగాడు కిటికీ లోపలి గుమాస్తా.

“ఓడల నగరానికి. రెండు.”

“తిరుగు టికెట్లు కూడా రెండేనా?”

అతను మరోసారి వెనక్కి తిరిగి కూతుర్ని చూసుకున్నాడు.

“కాదండీ. తిరిగొచ్చేది నేనొక్కడినే.”

ఇల్లు వదిలి వెళ్లాక పిల్ల తల్లి ఉంటున్నది ఆ నగరంలోనే.